పాత ట్రాక్టర్ బేరింగులు పోయినప్పుడు: షెల్సు చాలా, క్రాంకు గ్రైండింగా, ఫుల్ ఇంజిన్ పనా, వేరే ఇంజినా?

హొసకోటె దాటి చింతామణి దారిలో మాకు కొంచెం చేను ఉంది. నేను ఉండేది బెంగళూరులో, రామ్మూర్తి నగర్‌లో. సేద్యం చూసేది మా నాయన. ఆయన చేతికింద ముప్పై ఏళ్లు దాటిన మ్యాసీ ఫెర్గూసన్ 1035 ఉంది, మూడు సిలిండర్ల బండి. కొన్నేళ్ల కింద దున్నుతుండగా ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. మేస్త్రీ వచ్చి చెవి పెట్టి విన్నాడు, "బేరింగులు పోయినాయి సామీ" అన్నాడు, అడుగు విప్పి స్టాండర్డ్ సైజు షెల్సు (బేరింగులో కూర్చునే అర్ధచంద్రాకారపు పలచటి లోహపు ముక్కలు) వేసి మూసేశాడు. క్రాంకు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, కొలవలేదు. కొలవాలని మాకూ తెలియదు.

ఒక్క రాగి పంట కాలం నడిచింది. మళ్లీ అదే చప్పుడు. రెండోసారి విప్పినప్పుడు ఇంకో మేస్త్రీ మైక్రోమీటరు పట్టుకుని చూపించాడు: నడిమి సిలిండరు జర్నల్, అంటే క్రాంకు మీద బేరింగు పట్టే నున్నటి భాగం, గుండ్రంగా లేదు. నిలువు కొలతకీ అడ్డం కొలతకీ నాలుగు థౌ తేడా (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). గుడ్డు ఆకారం మీద కొత్త షెల్ ఎంత మంచిది వేసినా నిలవదు. మొదటిసారి పెట్టిన షెల్సు డబ్బు, కూలి, ఆయిల్, పని ఆగిన రోజులు అన్నీ నీళ్లపాలు.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఏ రిపేరు చేయించాలన్నది చప్పుడును బట్టో, చేతిలో ఉన్న డబ్బును బట్టో తేల్చకండి. క్రాంకు కొలతే తేలుస్తుంది. మిగతావన్నీ దాని తర్వాత.

నిర్ణయానికి ముందు తేల్చుకోవలసినవి

అసలు బేరింగులేనా అన్నది మొదటిది. ఆయిల్ ప్రెషర్ పడిపోవడానికి బేరింగులు కాక ఇంకో అయిదారు కారణాలు ఉన్నాయి. రెండోది క్రాంకు స్థితి: గుండ్రంగా ఉందా, గీతలున్నాయా, ఇప్పటికే ఏ సైజులో ఉంది. మూడోది, ఆ ఇంజిన్‌లో పైభాగం ఎలా ఉంది. లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు), పిస్టన్లు, రింగులు ఇంకా ఎన్నాళ్లు వస్తాయి. నాలుగోది మీ బండి చేసే పని. చివరిది, ఆ మోడల్‌కి విడిభాగాలు బజారులో దొరుకుతాయా లేదా. ఈ చివరిదాన్ని మనవాళ్లు ఆఖర్న ఆలోచిస్తారు, ఇరుక్కుపోయేది ఎక్కువగా అక్కడే.

అసలు బేరింగులేనా?

ఇక్కడ తొందరపడొద్దు. విప్పకముందు చేసే పరీక్షలకు పెద్ద ఖర్చు లేదు, ఒక పూట సమయం చాలు.

ముందు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్‌లో డీజిల్ వాసన ఉంటే, లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగితే, ఎక్కడో డీజిల్ లీకై సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, దిగుతోంది. ఫీడ్ పంపు పొర చిరిగినా, ఇంజెక్టరు సరిగా చిమ్మక కారినా ఇదే జరుగుతుంది. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి ప్రెషర్ నిలవదు. దాన్ని సరిచేయకుండా బేరింగులు మారిస్తే కొత్తవీ అదే దారి పడతాయి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం, అది వేరే కథ.

తర్వాత డాష్ మీద ఉన్న మీటరును నమ్మకండి. పాత బండ్లలో ఆ మీటరు, దాని వైరు, సెన్సరు మూడింటిలో ఏదో ఒకటి చెడి ఉంటుంది. సెన్సరు విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజు పెట్టించండి. లారీ పని చేసే ఏ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట పని చేయించి బాగా వేడెక్కాక ఇంకోసారి చూడండి. ఈ తరం ఇంజిన్లకు వేడిమీద, పూర్తి రేసులో సుమారు 2 నుంచి 4 కిలోల ప్రెషర్ ఉండాలి. మీ బండి పుస్తకంలో అసలు అంకె ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా చూపించి, వేడెక్కాక ఐడిల్‌లో బాగా కిందికి పడిపోయి, రేసు ఇస్తే లేచి, మళ్లీ వదిలితే పడిపోతుంటే బేరింగుల్లో సందు పెరిగిన లక్షణం. చల్లగా ఉన్నప్పుడు కూడా లేవకపోతే ముందు ఆయిల్ పంపును, రిలీఫ్ వాల్వు స్ప్రింగును, సంపులో ఉండే జల్లెడను అనుమానించాలి. జల్లెడకు మడ్డి పట్టి ప్రెషర్ పడిపోయిన బండిని కడిగి ఇస్తే మామూలుగా నడిచింది, నేను దగ్గరుండి చూశాను. ఆ ఇంటాయన అప్పటికే బేరింగులకు డబ్బు పోగుచేసుకుంటున్నాడు.

ఇక చప్పుడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ బ్లాకు మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినండి. ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి.

కనెక్టింగ్ రాడ్డు బేరింగు, అంటే బిగ్ ఎండ్, పోతే గట్టిగా, తేటగా ఠక్ ఠక్ అంటుంది. రేసు పెంచి ఒక్కసారిగా వదిలినప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మెయిన్ బేరింగు (క్రాంకును బ్లాకులో మోసేది) చప్పుడు లోతుగా, మొద్దుగా, ధడ్ ధడ్ మని ఉంటుంది. లోడు పడ్డప్పుడు, ట్రాలీ లాగడం మొదలుపెట్టగానే కాళ్లకింద తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చప్పుడు చేసి వేడెక్కాక తగ్గిపోతే అది చాలావరకు పిస్టన్ లైనరుకు కొట్టుకోవడం. బేరింగు చప్పుడు దీనికి ఎదురు, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది.

ఏ సిలిండరో తేల్చడానికి పాత పద్ధతి ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు కొంచెం వదులు చేసి ఆ సిలిండరును ఆపడం. ఏ సిలిండరు ఆపినప్పుడు ఠక్ ఠక్ తగ్గుతుందో ఆ బిగ్ ఎండే దొంగ. మెయిన్ బేరింగు అయితే ఒక్క సిలిండరు ఆపినా పెద్దగా తేడా రాదు. ఈ పని అలవాటున్నవాళ్లే చేయాలి. ఆ పైపులో డీజిల్ ప్రెషర్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఉంటుంది. చెయ్యి అడ్డం పెట్టకూడదు, కళ్లద్దాలు లేకుండా వంగి చూడకూడదు.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఆయిల్ ఫిల్టరు. పాతది పారేయకండి. కాగితం మడతలను బ్లేడుతో కోసి, తెల్ల స్టీలు పళ్లెంలో కిరోసిన్ పోసి జాడించండి. రంపంతో కోయొద్దు, రంపపు పొడి కలిసి మోసపోతాం. పళ్లెం ఎండలో పెట్టి అటూ ఇటూ వంచండి. మా బండి ఫిల్టరు జాడించినప్పుడు అడుగున పసుపు ఎరుపు కలిసిన సన్నని మెరుపు తేలింది, పెళ్లిలో చమ్కీ రాలినట్టు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతం దగ్గరికి తెస్తే కదల్లేదు. అయస్కాంతానికి అంటుకోని ఎర్రటి రజను రాగి, అంటే చాలావరకు షెల్ పైపూత అరిగి లోపలి పొర బయటపడింది. మెత్తటి బూడిదరంగు రేకులు కనిపిస్తే పైపూత ఇప్పుడిప్పుడే పోతోంది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము: రింగులు, లైనర్లు, గేర్లు, కొన్నిసార్లు క్రాంకే.

చివరగా క్లచ్ తొక్కి చూడండి. తొక్కినప్పుడు ముందున్న క్రాంకు పుల్లీ ముందుకు జరిగితే, వదిలితే వెనక్కి వస్తే, క్రాంకు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే త్రస్ట్ వాషర్లు అరిగాయి. పొద్దంతా క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపే డ్రైవర్ల బండ్లలో ఇది ఎక్కువ.

ఒక్క క్యాప్ విప్పి చూస్తే

పరీక్షలన్నీ బేరింగుల వైపే చూపిస్తే, ఎక్కువ చప్పుడు చేసే సిలిండరు బిగ్ ఎండ్ క్యాప్ (బేరింగును కిందినుంచి పట్టి ఉంచే రాడ్డు సగం) ఒక్కటి విప్పించండి. కొన్ని ట్రాక్టర్లలో సంపే బండి బరువు మోసే భాగం, ముందు ఇరుసు దానికే బిగించి ఉంటుంది. అలాంటివాటిలో బండిని దిమ్మెల మీద సరిగా నిలబెట్టాకే సంపు ముట్టుకోవాలి. జాకీని నమ్మి కిందికి దూరకూడదు.

షెల్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. బాగున్న షెల్ మసక బూడిదరంగులో, వెన్నలా నునుపుగా ఉంటుంది. రాగి రంగు మచ్చలు కనిపిస్తే పైపూత పోయింది. పొడవుగా గీతలుంటే దుమ్ము తిరిగింది, అలాంటప్పుడు ఎయిర్ ఫిల్టరు, దాని రబ్బరు గొట్టం చూడాలి. నల్లగా నీలంగా మాడి ఉంటే ఆయిల్ అందలేదు. చీమలు తిన్నట్టు గుంటలుంటే ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదు. పై షెల్‌కి ఒక అంచు, కింది షెల్‌కి ఎదురు అంచు అరిగితే రాడ్డు వంగి ఉండొచ్చు.

తర్వాత షెల్ వీపు చూడండి. అక్కడ సైజు గుద్ది ఉంటుంది: స్టాండర్డు, పది, ఇరవై, ముప్పై. పది అంటే జర్నల్ అసలు సైజు కంటే అంగుళంలో వెయ్యింట పది వంతులు సన్నబడిందని, సుమారు 0.25 మిల్లీమీటర్లు. మీ క్రాంకు ఇదివరకే ఎంత గ్రైండింగ్ అయిందో ఆ అంకె చెబుతుంది. బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఇది తెలియని రహస్యం.

చివరికి క్రాంకు. గోరు అడ్డంగా గీయండి. గోరు తగులుకుందంటే గీత లోతైనదే. తర్వాత మైక్రోమీటరుతో ఒక్కో జర్నల్‌ను రెండు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల కొలవాలి. ఇంజిన్ బండి మీదే ఉంటే మెయిన్ జర్నళ్లు ఇలా కొలవడం కుదరదు, బిగ్ ఎండ్లు మాత్రం కొలవొచ్చు. నిలువుకీ అడ్డానికీ తేడా గుడ్డుతనం; ఈ చివరకీ ఆ చివరకీ తేడా సన్నబడటం. చాలా ఇంజిన్లకు ఒకటిన్నర, రెండు థౌ దాటితే గ్రైండింగ్ వైపే పోవాలి. నూనె పొర నిలిచే సందే జర్నల్ అంగుళం వ్యాసానికి సుమారు ఒక థౌ. రెండున్నర అంగుళాల జర్నల్‌కి ఉండవలసిన మొత్తం సందు రెండున్నర థౌ అన్నప్పుడు, అరిగిన దిక్కున ఇంకో రెండు థౌ గుడ్డుతనం కలిస్తే నూనె పొర ఎలా నిలుస్తుంది?

దారులు, ఒక్కొక్కటి

*గట్టి ఆయిల్ పోసి నడపడం.* ఇది రిపేరు కాదు. చిక్కటి ఆయిల్‌తో మీటరు కొంచెం లేస్తుంది, చప్పుడు కొంచెం అణుగుతుంది, అరుగుదల మాత్రం ఆగదు. పైగా చలికాలం పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. ప్రెషర్ కొంచెం తక్కువై చప్పుడు ఇంకా రానివాళ్లు, కోత అయిపోయేదాకా ఓ వారం తేలిక పనికి వాడుకోవచ్చేమో. ఠక్ ఠక్ మొదలయ్యాక ఒక్క గంట కూడా నడపకండి. షెల్ తిరిగిపోతే రాడ్డు ఇల్లు, అంటే షెల్ కూర్చునే రంధ్రం, పాడవుతుంది, రాడ్డు తెగితే బ్లాకుకి రంధ్రం పడుతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది ఈ దశలోనే.

*షెల్సు మాత్రమే మార్చడం.* అన్నిటికంటే చౌక, ఒకటి రెండు రోజుల పని, చాలా బండ్లలో ఇంజిన్ దించనక్కరలేదు. జర్నళ్లు గుండ్రంగా, గోరుకు తగలకుండా ఉంటే ఇది చక్కటి రిపేరే, ఏళ్ల తరబడి నిలుస్తుంది. అంటే తొందరగా పట్టుకున్నవాళ్లకు దక్కే దారి. వేసేది ఇప్పుడున్న సైజే అయి ఉండాలి. ప్లాస్టిగేజ్ అనే సన్నని మైనపు దారం పెట్టి క్యాప్ బిగించి విప్పితే, నలిగిన వెడల్పును బట్టి సందు ఎంతో చేతిలో కనిపిస్తుంది.

ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. షెల్ కింద కాగితమో రేకో పెట్టడం, క్యాప్ అంచులు ఆకురాయితో రాయడం. ఒకప్పుడు తెల్లలోహం కరిగించి పోసే ఇంజిన్లలో క్యాప్ కింద షిమ్ములు (పలచటి రేకులు) పెట్టి సందు సరిచేసేవారు, అప్పటికి అది సరైన పద్ధతే. ఇప్పటి పలచటి షెల్ తన ఇంట్లో ఒత్తుకుని కూర్చోవడం వల్లే నిలుస్తుంది, తన వేడిని ఇంటికి అందిస్తుంది. రాసిన క్యాప్‌తో రాడ్డు రంధ్రం గుండ్రం తప్పుతుంది, ఆ తర్వాత ఏ షెల్లూ కూర్చోదు.

*క్రాంకు గ్రైండింగ్, సైజు షెల్సు.* పాత ట్రాక్టర్లలో ఎక్కువమందికి చివరికి సరైనది ఇదే అని నా అభిప్రాయం. ఇంజిన్ దించాలి, క్రాంకు బయటికి తీయాలి, వారం పది రోజులు పోతాయి. కానీ జర్నళ్లు మళ్లీ గుండ్రమవుతాయి, సందు మళ్లీ కొత్తలా అవుతుంది.

ఈ పనికి బెంగళూరు దగ్గరలో ఉండటం మన అదృష్టం. పీణ్య వైపు మెషీన్ పనివాళ్లకు కొదవలేదు. షెల్సు, గాస్కెట్లకు జేసీ రోడ్డు, కలాసిపాళ్యం సందులు తిరిగితే తెలుగులోనే బేరమాడొచ్చు. అయితే వరస తప్పకూడదు. ముందు క్రాంకు కొలిపించి ఏ సైజుకి దించాలో తేల్చుకోండి. తర్వాత ఆ సైజు షెల్సు బజారులో చేతికి తెచ్చుకోండి. ఆ తర్వాతే గ్రైండింగ్. ఇరవైకి గ్రైండింగ్ చేయించి, ఇరవై షెల్సు దొరక్క బండి నెల రోజులు దిమ్మెల మీద నిలబడ్డ ఇళ్లు నాకు తెలుసు. షెల్సు, రాడ్లు, క్యాపులు అన్నీ క్రాంకుతో పాటే షాపుకి తీసుకెళ్తే వాళ్లు సందు కూడా చూసి ఇస్తారు.

షాపువాళ్లను మూడు అడగండి. గ్రైండింగుకు ముందు పగుళ్ల పరీక్ష చేస్తారా, అంటే అయస్కాంతం పెట్టి ఇనుపరజను పోసి చూడటం. జర్నల్ మూలల్లో ఉండే గుండ్రటి వంపును అలాగే ఉంచుతారా. దాన్ని పదునైన మూలగా కోసేస్తే క్రాంకు అక్కడే విరుగుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులు మెత్తబరిచి, లోపలి దారులు కడిగి ఇస్తారా. కొన్ని క్రాంకులకు గట్టి పొర చాలా పలచగా ఉంటుంది, గ్రైండింగులో అది పోతే మళ్లీ గట్టిపరిచే పని చేయించాలి. ఈ ప్రశ్నలకు "అదేం అక్కర్లేదు అన్నా" అని వెంటనే కొట్టిపారేసే చోట క్రాంకు వదలొద్దు. చివరికి కొలతలు కాగితం మీద రాయించుకోండి.

క్రాంకు ఇప్పటికే ఆఖరి సైజులో ఉంటే వెల్డింగ్ పోసి మళ్లీ స్టాండర్డుకి తెస్తామంటారు. మామూలు వెల్డింగ్ వేడికి క్రాంకు వంగొచ్చు, లోపల పగుళ్లు రావచ్చు. ట్రాలీ లాగే బండికి నేనైతే ఒప్పుకోను. ఆ డబ్బుతో కొత్త క్రాంకు, లేదా కొలిచి, పగుళ్లు చూసి తెచ్చిన పాత క్రాంకు మేలు.

*ఫుల్ ఇంజిన్ పని.* క్రాంకుతో పాటు లైనర్లు, పిస్టన్లు, రింగులు, క్యామ్ బుష్షులు, ఆయిల్ పంపు, వాల్వులు అన్నీ. పొగ నీలంగా వస్తూ, ఆయిల్ తాగుతూ, బ్రీదరు (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి ఆవిరి కొడుతుంటే ఎటూ ఇదే చేయాలి. ఇంజిన్ దించడం, విప్పడం, కడగడం అన్న కూలి ఒక్కసారే పోతుంది. పైభాగం బాగుంటే మాత్రం "ఎటూ దించాం కదా" అన్న ఒక్క మాటకి లొంగి మంచి లైనర్లు పీకించకండి. కంప్రెషన్ చూపించుకుని నిర్ణయించండి. ఆయిల్ పంపు విషయంలో వెనకాడొద్దు, బేరింగు రజను తాగిన పంపు అరిగే ఉంటుంది.

*వేరే ఇంజిన్ పెట్టడం.* బ్లాకు పగిలినా, మెయిన్ బేరింగు ఇల్లు పాడై లైన్ బోరింగుకు (ఇళ్లన్నీ ఒకే వరసలో మళ్లీ గుండ్రంగా తొలిచే పనికి) లొంగకపోయినా ఇదే దిక్కు. ఒకటి రెండు రోజుల్లో బండి నడుస్తుందని ఆశ పెడుతుంది, కానీ మనం కొనేది ఇంకొకరి అరిగిన బేరింగులు. సంపు దించి ఒక్క క్యాప్ విప్పి చూపించనిదే డబ్బు ఇవ్వొద్దు. ఇంజిన్ మారిస్తే ఆర్సీలో నంబరు మార్పించాలి, కాబట్టి అమ్మేవారి కాగితాలు సరిగా ఉండాలి.

| | షెల్సు మాత్రమే | క్రాంకు గ్రైండింగ్ | ఫుల్ ఇంజిన్ | వేరే ఇంజిన్ |
|---|---|---|---|---|
| ఎప్పుడు సరి | జర్నళ్లు గుండ్రం, గీతల్లేవు | గుడ్డుతనం, గీతలు, సైజు మిగిలుంది | పొగ, ఆయిల్ తాగడం కూడా ఉంది | బ్లాకు పోయింది |
| బండి ఆగేది | 1–2 రోజులు | వారం, పది రోజులు | రెండు, మూడు వారాలు | దొరికితే 2 రోజులు |
| ఖర్చు | తక్కువ | నడిమి | ఎక్కువ | మారుతుంది, అనుమానం ఎక్కువ |
| పెద్ద ప్రమాదం | కొలవకుండా వేయడం | సైజు షెల్సు దొరక్కపోవడం, మూలల వంపు పోవడం | అక్కర్లేనివి మార్చడం | లోపల ఏముందో తెలియదు |
| నిలిచేది | కొలిచి వేస్తే చాలాకాలం | చాలాకాలం | అన్నిటికంటే ఎక్కువ | చెప్పలేం |

ఎవరికి ఏది

వర్తూరు, వైట్‌ఫీల్డ్, సర్జాపురం వైపు ట్రాక్టర్‌తో నీళ్ల ట్యాంకరు లాగేవాళ్ల సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ దెబ్బ తినేది వాళ్లే. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి నగరం ట్యాంకర్ల మీద బతికినప్పుడు ఈ బండ్లు రాత్రింబగళ్లు తిరిగాయి. అయిదు వేల లీటర్ల నీళ్లంటే నీళ్ల బరువే అయిదు టన్నులు. ట్రాఫిక్‌లో గేరు దించడానికి బద్ధకించి, తక్కువ రేసులో పెద్ద గేరులో ఎత్తు ఎక్కించడం బేరింగుకు అన్నిటికంటే చెడు. క్రాంకు మెల్లగా తిరిగితే నూనె పొర పలచబడుతుంది, అదే సమయంలో లోడు నిండుగా ఉంటుంది. పైగా రోజంతా ఆగడం, మొదలవడం. ఈ పనికి షెల్సు మాత్రమే అన్న దారిని నేను చాలా జాగ్రత్తగా చూస్తాను. ఒక్క థౌ అనుమానం ఉన్నా గ్రైండింగే. బండి ఆగిన ప్రతిరోజూ ఆదాయం పోతుంది నిజమే, కానీ వేసవి నడిమధ్యలో ఆగేకంటే వానలు పడి గిరాకీ తగ్గిన రోజుల్లో వారం ఆపుకోవడం నయం.

ఏడాదికి రెండు వందల గంటలు కూడా నడవని చిన్న రైతు బండికి, జర్నళ్లు బాగుంటే షెల్సు చాలు. అరిగితే గ్రైండింగ్. లైనర్ల జోలికి పొగ వచ్చేదాకా పోనక్కరలేదు. మా నాయన బండికి చివరికి చేసింది అదే, బిగ్ ఎండ్లు ఇరవైకి, మెయిన్లు పదికి. రెండూ వేర్వేరు సైజులు ఉండొచ్చు, కానీ బిగ్ ఎండ్లన్నీ ఒకే సైజు, మెయిన్లన్నీ ఒకే సైజు ఉండేలా చూసుకోవాలి.

రొటావేటరుతో బాడుగ సేద్యం చేసేవాళ్లకు గంటలు ఎక్కువ, లోడు నిలకడ. ఇంజిన్ దించే అవసరం వస్తే కంప్రెషన్ చూపించి, సగం అరిగిన పైభాగాన్ని అలాగే ఉంచకుండా ఫుల్ పని చేయించుకోవడమే వాళ్లకు లెక్క కుదురుతుంది.

బండి అమ్మేద్దామనుకునేవాళ్లు గట్టి ఆయిల్ పోసి చప్పుడు దాచి అమ్మకండి. కొన్నవాడు మొదటి దుక్కిలోనే ఇంజిన్ పోగొట్టుకుంటాడు. కొలతల కాగితం చూపించి, రిపేరు ఖర్చు ధరలో తగ్గించి అమ్మితే రెండువైపులా మాట నిలుస్తుంది.

ఇక ఆగిపోయిన మోడళ్లవాళ్లు. హెచ్ఎంటీ 1953లో మన బెంగళూరులోనే మొదలైన కంపెనీ, ట్రాక్టర్లు మాత్రం హర్యానాలోని పింజోర్‌లో చేసింది. 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అలాంటి బండ్లు ఇంకా బాగా దున్నుతున్నాయి, వాటి మీద ప్రేమ ఉన్నవాళ్లను నేను అర్థం చేసుకోగలను. వాళ్లకు నా సలహా: అవసరం రాకముందే తర్వాతి సైజు షెల్సు ఒక సెట్టు దొరికినప్పుడు కొని, నూనె రాసి, పొడిచోట దాచుకోండి. మ్యాసీ 1035 లాంటివాటికి, వాటి ఇంజిన్లు చేసే సింప్సన్ చెన్నై సెంబియంలోనే ఉంది కాబట్టి, ఈ చింత తక్కువ. మహీంద్రా 265 కూడా ఊరూరా ఉన్న బండే.

మూసేటప్పుడు పక్కన నిలబడండి

ఏ దారి ఎంచుకున్నా ఆఖరి రోజు పని దగ్గర మీరు ఉండండి. బ్లాకులో, క్రాంకులో ఆయిల్ దారుల బిరడాలు తీసి కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టారో లేదో చూడండి. పాత రజను అక్కడ మిగిలితే కొత్త షెల్స్‌ను మొదటి గంటలోనే గీరేస్తుంది. షెల్ వీపు, అది కూర్చునే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఆయిల్ రాయాల్సింది లోపలి ముఖానికే. రంధ్రమున్న షెల్ బ్లాకు రంధ్రానికి ఎదురుగా రావాలి. ఏ క్యాప్ ఆ రాడ్డుకే, అంకెలు ఒకే వైపు. రాడ్డు బోల్టులు కొత్తవి వేయించండి, పానాతో బలం కొద్దీ కాదు, టార్క్ రెంచితో పుస్తకంలో ఉన్నంత. ఒక్కో క్యాప్ బిగించాక క్రాంకు తిప్పి చూడాలి, ఎక్కడ బిగుసుకుంటే అక్కడే ఆగి విప్పాలి.

స్టార్ట్ చేసేముందు ఫిల్టరులో ఆయిల్ నింపి, స్టాప్ నాబు లాగిపెట్టి, స్టార్టరుతో పది సెకన్ల చొప్పున, మధ్యలో ఆపుతూ తిప్పండి. గేజు కదిలాకే డీజిల్ వదలాలి. ఆ రోజు మా నాయన సీటు మీద కూర్చోలేదు, గేజు పక్కనే నిలబడి ముల్లు లేచేదాకా కళ్లార్పలేదు. ముల్లు మూడు దగ్గర నిలిచాక "ఇంక చాలు, కూర్చుంటా" అన్నాడు.

మొదటి 50 గంటలు బరువు పనీ వద్దు, గంటల తరబడి ఐడిల్‌లో వదలడమూ వద్దు. 50 గంటలకి ఆయిల్, ఫిల్టరు మార్చి, ఆ ఫిల్టరును మళ్లీ కోసి అదే తెల్ల పళ్లెంలో జాడించండి. కొంచెం బూడిదరంగు పొడి మామూలే. ఎర్రటి మెరుపు కనిపిస్తే ఆ రోజే బండి ఆపి, క్యాప్ విప్పించండి.